కోరలు తీసిన రివాల్వర్

వంటింటి గడపలో పెద్ద కోడలు వెల్లకిలా పడి ఉంది. ఛాతీలో ఒకే ఒక్క బుల్లెట్. చేతిలో గరిటె అలాగే ఉంది.

టైమ్ మధ్యాహ్నం ఒంటిగంటా పది. పేలుడు విని ఎదురింటివాళ్ళు ఫోన్ చేశారు.

కాల్చినవాడి కోసం వెతకాల్సిన పనే లేదు. ఆమె మరిది రివాల్వర్ ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చున్నాడు. అడగ్గానే ఇచ్చేశాడు. నోట మాట మాత్రం లేదు.

"పిచ్చోడి చేతిలో రాయి మేడమ్. కేసు క్లోజ్," అన్నాడు ఎస్సై.

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్ళు మండింది. సులువుగా తేలిపోయే కేసులంటే ఆమెకు మొదటి నుంచీ గిట్టదు. ఆమె చేత చీవాట్లు తినని ఎస్సై ఆ స్టేషన్‌లో లేడు.

"ఆ రాయి అతని చేతికి ఎవరిచ్చారయ్యా? ముందు అది తేల్చు," అంది.

కింద తుపాకుల షాపు, పైన ఇల్లు. తండ్రి పాతకాలపు పనివాడు. తుపాకీ ఏదైనా సరే, విప్పి బిగిస్తే పదేళ్ళు మొరాయించదని పేరు. ఇప్పుడు షాపు పెద్ద కొడుకుది. చిన్న కొడుకు బ్యాంకులో సెక్యూరిటీ గార్డుగా చేసేవాడు. మూడేళ్ళ క్రితం అతని చెవిలో ఎవరెవరో మాట్లాడటం మొదలైంది. డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చాడు. లైసెన్స్ రద్దయింది. అతని రివాల్వర్‌ను లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేయాలని ఆర్డర్ వచ్చింది.

ఆ డీలర్ సొంత అన్నే. తుపాకీ పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు దిగింది. చట్టం తన పని అయిపోయిందనుకుని చేతులు దులుపుకుంది.

"మళ్ళీ పైకి ఎలా వచ్చింది?" ఇన్‌స్పెక్టర్ అన్నను అడిగింది.

అతను ఏదీ దాచలేదు. రివాల్వర్ పక్కన లేకపోతే తమ్ముడికి కంటి మీద కునుకు ఉండేది కాదట. ఇల్లు పీకి పందిరేసేవాడట. చివరికి అన్న ఒక ఉపాయం పన్నాడు. తూటా వెనక కొట్టే పిన్ను మొనను ఆకురాయితో అరగదీశాడు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి పడుతుంది, చప్పుడవుతుంది, తూటా మాత్రం పేలదు. డమ్మీ తూటాలు పెడితే తమ్ముడు బరువు చూసి విసిరికొట్టాడు. అందుకని అసలువే ఉంచాడు.

"కోరలు తీసిన పామే కదా అనుకున్నాను," అన్నాడు అన్న.

సాయంత్రానికి ల్యాబ్ నుంచి కబురొచ్చింది. పిన్ను అరిగి లేదు. కొత్తది.

ఆ మాట వినగానే అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే మార్చాను. నా భార్యను చంపించింది నేనే. అలాగే రాసుకోండి," అన్నాడు.

ఎస్సై ఎగిరి గంతేసినంత పని చేశాడు. వారం రోజులుగా మొగుడూ పెళ్ళాలు కేకలేసుకుంటున్నారని ఎదురింటివాళ్ళు ముందే చెప్పారు. తమ్ముణ్ణి ఆస్పత్రిలో చేర్పిద్దామని మొగుడు, కళ్ళ ముందే ఉండనిమ్మని పెళ్ళాం. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి అంటాడు ఎస్సై. అన్న మెడకు హత్య కేసు బిగుసుకోబోతోంది. అతనేమో తల తనే ముందుకు చాపుతున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కు అదే నచ్చలేదు.

మర్నాడు ఉదయం తండ్రినీ ఇద్దరు కొడుకులనూ షాపులో కూర్చోబెట్టింది. రివాల్వర్‌ను ల్యాబ్ కవర్‌తో సహా బల్ల మీద పెట్టింది.

"పిన్ను అందరూ చూశారు. మిగతాది ఎవరూ చూడలేదు. పిడి చెక్కకు కొత్తగా నూనె పట్టించారు. వదులైన స్క్రూ బిగించారు. గొట్టం లోపల తుప్పు గీకారు. ఎస్సై గారూ, మనిషిని చంపించాలనుకున్నవాడికి పిడికి మెరుగు పెట్టేంత తీరిక ఎక్కడిది?"

ఎస్సై కవర్ దగ్గరగా వంగి చూశాడు.

"ఇది హంతకుడి పని కాదు, పని మీద ప్రాణం పెట్టినవాడిది. చిన్న కొడుకు చేతులు మందుల వల్ల ఇంత సన్న పనికి నిలకడగా ఉండవు. పెద్ద కొడుకు కంపెనీ పిన్నులే వాడతాడు, డబ్బాల నిండా ఉన్నాయి. ఈ పిన్ను చేత్తో చేసింది."

"మేడమ్, నేను ఒప్పుకున్నాను కదా," అన్నాడు అన్న.

"నేనే చేశానమ్మా," అన్నాడు ముసలాయన. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "మొన్న చిన్నవాడు స్నానానికి వెళ్తే దిండు కింద కనబడింది. మొన అరిగిపోయి ఉంది. నా ఇంట్లో పనికిరాని తుపాకీయా అని సిగ్గేసింది. ఒక్క పూటలో బాగుచేసి మళ్ళీ అక్కడే పెట్టాను. అయితే ఏమైంది?"

ముసలాయన అందరి ముఖాలూ చూశాడు. ఆయన చేతులు వాటంతటవే బల్ల మీద నుంచి కిందికి జారాయి.

"అరగదీసింది నువ్వా? నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పాలంటే ముందు వాడికి జబ్బుందని నువ్వు ఒప్పుకోవాలి కదా నాన్నా. ఆ మాట ఎత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయేవాడివి."

ఇన్‌స్పెక్టర్ పెద్ద కొడుక్కి బేడీలు వేయించింది. హత్యకు కాదు. లైసెన్స్ పోయిన మనిషికి తుపాకీ ఇచ్చినందుకు. తనను కూడా తీసుకెళ్ళమని ముసలాయన రెండు చేతులూ చాపాడు. తెలియక చేసిన రిపేరుకు మిమ్మల్ని జైల్లో పెట్టలేనని చెప్పింది. అలా ఇంట్లో వదిలేయడం కంటే పెద్ద శిక్ష ఆయనకు వేయలేనని ఆమెకు తెలుసు. మనసు చేదెక్కిపోయింది. కేసు తేల్చి ఎవరికేం ఒరగబెట్టింది?

అప్పుడు చిన్న కొడుకు నిన్నటి నుంచి మొదటిసారి నోరు విప్పాడు.

"అది పేలదని నాకు తెలుసు మేడమ్. అన్నయ్య అరగదీసిన రోజే చూశాను. నేనూ ఈ ఇంట్లో పుట్టినవాణ్ణే."

"మరి ఎందుకు నొక్కావు?"

"చెవిలో వాళ్ళు కాల్చు, కాల్చు అంటారు. నొక్కేవాణ్ణి. పేలేది కాదు. వాళ్ళు ఊరుకునేవాళ్ళు. వదినకు తెలుసు. నొక్కేసి అన్నానికి రా అనేది." చెవులు మూసుకున్నాడు. "నిన్నటి నుంచి ఒకటే అరుపులు. ఇప్పుడు నేనేం నొక్కను?"

ముసలాయన కుర్చీ జరుపుకుని కొడుకు దగ్గరగా వంగాడు.

"ఎవర్రా వాళ్ళు? ఏమంటారు?" అని అడిగాడు.

మూడేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. చిన్న కొడుకును ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన జీపు అప్పటికే వచ్చి గుమ్మం ముందు ఆగింది.