మెదడు ముక్కలో పసుపు

స్ట్రోక్‌తో చనిపోయిన మనిషి మెదడు ముక్కలో పసుపు బయటపడింది.

నందిగామ ల్యాబ్‌లో మానిటర్ ముందు డాక్టర్ కమలాకుమారి ఆ బొమ్మని రెండోసారి తీసి చూసింది. స్ట్రోక్ తర్వాత మెదడులో ఏ భాగం చచ్చిందో, ఏ అంచు ఇంకా బతికుందో రంగులేమీ వేయకుండానే చూపే ఇన్‌ఫ్రారెడ్ ఇమేజింగ్ ఆమెది. కొవ్వుకో గుర్తు, ప్రోటీన్‌కో గుర్తు. కంటికి కనపడనిది కూడా ఆ కెమెరా ముందు దాగదు.

"ఇది మావారిది కాదు," అందామె. "నా మెదడు నీ ల్యాబ్‌కే అని ఎప్పుడో రాసిచ్చారాయన. డ్రై ఐస్‌లో ఉన్నంతసేపే దానికి విలువ. కరిగిందా, ఆయన ఇచ్చింది మట్టిపాలే."

శాంపిళ్లు కొట్టేసే విదేశీ ముఠా కన్ను ఈ ల్యాబ్ మీద పడిందని నిఘా విభాగం చీఫ్ ముందే పంపిన ఏజెంట్ కిషోర్‌బాబు, ఏసీ మెకానిక్ వేషంలో పక్కనే ఉన్నాడు. సొంతూరు పక్కనే వీరులపాడు, ఇక్కడి మాంసం కొట్ల సంగతి అతనికి తెలుసు.

"మేక మెదడండి. తలకాయ కొట్టేవాడు పసుపు రాసిస్తాడు."

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "అసలు శాంపిల్ విదేశీ ముఠాకి, దొంగ ఫలితాలు మనకి. అదీ ప్లాన్. ఫ్రీజర్ తాళం ఇద్దరి దగ్గరే ఉంది. విజిటింగ్ సైంటిస్ట్ సుస్మిత, స్టోర్స్ ఆఫీసర్ రాధాకృష్ణమూర్తి. ఇద్దరూ ఇవాళ సెలవు. డెలివరీ జగ్గయ్యపేట బస్టాండ్‌లో."

"సుస్మిత నిన్న లంచ్‌లో తలకాయ కూర తింది సార్. ఆవిడైతే పసుపు వద్దని చెప్పి కొనేది. ఇది మాంసం కొనడం రానివాడి పని."

జగ్గయ్యపేట బస్టాండ్ ఎండకి కుతకుతలాడుతోంది. కిషోర్ ఇప్పుడు సోడాలమ్ముతున్నాడు. ఫోన్‌కి తగిలించిన థర్మల్ కెమెరాలో బస్సులు, బెంచీలు, జనం అన్నీ ఎర్రగా మండుతున్నాయి. ఒక్క గుడ్డసంచి మాత్రం లోపలి చలికి నల్లగా ఉంది. అది రాధాకృష్ణమూర్తి ఒళ్లో ఉంది.

నల్లకళ్లద్దాలతో సుస్మిత వచ్చి అతని పక్కన కూర్చుంది.

"వేదాద్రికి లాంచీ ఉందాండీ?"

"ఏరు నిండుగా ఉందమ్మా."

కోడ్ కలిసింది. కిషోర్ చెయ్యి పిస్టల్ మీదికి పోయింది.

"ఆగు," అన్నాడు చీఫ్. "ఆమె మన మనిషే. ముఠా తమ మనిషనుకుంటోంది."

"ఇప్పుడా సార్ చెప్పడం?"

మాట కాస్త పైకే వచ్చింది. రాధాకృష్ణమూర్తి తలతిప్పాడు. సోడాలమ్మేవాడి చెవిలో వైరు కనిపించింది. ఒక్క ఉరుకున టీకొట్టు చేరి, సంచిలోని డబ్బా మూత తీసి, మరిగే గిన్నె మీదికి వంచాడు.

"దగ్గరికొస్తే ఇందులో వేసేస్తా."

కిషోర్ సోడా కొట్టాడు. గ్యాసు, నీళ్లు సూటిగా అతని మొహాన పడ్డాయి. డబ్బా ఒరిగి రేకు పొట్లం జారింది. ఆవిరికీ పొట్లానికీ మధ్య సుస్మిత అరచెయ్యి దూరింది. చలికి చర్మం కాలినా వదలకుండా దాన్ని మళ్లీ డ్రై ఐస్‌లోకి నెట్టింది.

కిషోర్ నందిగామకి ఫోన్ చేశాడు. "కరగలేదండి డాక్టరుగారూ. గడ్డకట్టే ఉంది."

అవతల ఫ్రీజర్ తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

జీపులో రాధాకృష్ణమూర్తి మొహం తుడుచుకున్నాడు.

"నేనే మార్చానండి. పైదేశంలో పెద్ద ఉద్యోగం ఇప్పిస్తామన్నారు, ఒప్పుకున్నా. మా ఇంటికి కోడిగుడ్డు కూడా రాదు. ఆ పసుపురంగు చూసి కంగారుపడి, కంటికి కనపడకుండా పోయేదాకా కడిగా. తప్పు మాత్రం కొట్టు దగ్గరే జరిగింది. ఎలా కావాలండీ అనడిగాడు. నాకేం తెలుసు. అందరికీ ఎలా ఇస్తావో నాకూ అలాగే ఇవ్వమన్నా."