పులుపు తగిలిన పప్పు

అంగారకుడి మీద సాయంత్రాలు నీలంగా ఉంటాయి. గోపురనగరంలో ఆ నీలివేళ అయ్యేసరికి జనం పప్పుగిన్నెలు చంకన పెట్టుకుని బరువుగాలి వంటశాలకి బయల్దేరేవాళ్లు. ఇళ్లల్లో గాలి పలచన. గాలి పలచనైతే నీళ్లు తొందరపడి మరిగిపోతాయి గానీ, సరిగ్గా వేడెక్కవు. పొద్దస్తమానం కుతకుతలాడించినా కందిపప్పు ఉడికి చావదు. అందుకే ఊరంతటికీ ఒక్క గదిలో గాలి కుక్కి, భూమ్మీది ఒత్తిడి నిలిపారు. పప్పు ఉడికేదాకా అక్కడే కబుర్లు, అలకలు, ఆవిరిలో కునుకులు.

"ఎన్నాళ్లండీ ఈ పడిగాపులు!" అని అందరూ విసుక్కునేవాళ్లే. ఆ విసుగు శాస్త్రవేత్త మందాకిని చెవిన పడింది. పడితే ఊరుకునే మనిషా? ఏళ్ల తరబడి రెక్కలు ముక్కలు చేసుకుని చిటికెపాత్రని కనిపెట్టింది. మంట లేదు, ఒత్తిడి లేదు. చెవికందని నాదతరంగాలు పప్పుగింజలోని కణాల గోడల్ని సడలిస్తాయి. చిటికెలో పప్పు వెన్న. తోడుగా ఉంటుందని పాత్రకి మాటలు కూడా నేర్పింది.

నగరసభ మురిసిపోయి ఇంటింటికీ పాత్ర పంచింది. "వారం చూద్దాం. అందరిళ్లల్లో ఉడికితే వంటశాల మూసేసి ఆ గాలి మొక్కలకిచ్చేద్దాం" అన్నారు సభాపతి. మందాకిని కాళ్లు నేలమీద ఆనలేదు.

ఒక్కటే దిగులు. ఆమె భర్త కోదండం మంచుగనిలో పనిచేస్తాడు. వంటశాలలో ఆవిరి మధ్య ఊసులాడుతూ కూర్చునే మనిషి, ఇప్పుడు గబగబా తినేసి గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఆమెకీ ఏం మాట్లాడాలో తోచడంలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో పరాయివాళ్లయిపోతున్నారేమోనని భయమేసింది.

వారం ఆఖర్న పక్కింటి భ్రమరాంబగారు వచ్చారు. "అమ్మాయ్, నీ పాత్రలో పప్పు ఉడకట్లేదే!" ఎదురింటివాళ్లదీ అదే మాట.  మందాకిని వంటింట్లోకి పరిగెత్తి తన పాత్ర మూత తీసింది. పప్పు పలుకుపలుకుగా ఉంది.

"ఏం రోగమే నీకు?"

"నాకేం లేదమ్మా" అంది పాత్ర. "చింతపండు ముందే పడింది. పులుపు తగిలితే గింజ బిగుసుకుపోతుంది. నా నాదం లోపలికి దూరదు."

"పప్పు ఉడికాక కదా పులుపు వేస్తారు! ఎవరు వేశారు?"

"అయ్యగారు. మీరడిగారు కాబట్టి చెబుతున్నాను."

"మరి మిగతా ఇళ్లల్లో?"

"పాత్రలం మాట్లాడుకున్నాం. అన్నిచోట్లా ఇంతే. ఎవరికి వాళ్లే, పక్కవాళ్లకి తెలీకుండా."

మందాకిని అక్కడే చతికిలబడింది. కోపం వచ్చింది, నవ్వొచ్చింది, చివరికి కళ్లనీళ్లొచ్చాయి. ఇన్నేళ్ల కష్టం! లేచి ముఖం కడుక్కుని నగరసభకి వెళ్లింది.

"లోపం నా పాత్రదేనండీ. బాగుచెయ్యడం నా వల్ల కాదు. వంటశాల ఉండనివ్వండి."

"అయ్యో, పాపం" అన్నారు సభాపతి. ఆయన ముఖంలో మాత్రం ఎక్కడలేని సంతోషం.

ఆమె ఇంటికొచ్చేసరికి కోదండం గడపలో తచ్చాడుతున్నాడు. "ఉడకలేదటగా?"

"ఉడకలేదు."

"అయితే... వంటశాలకి పోదామా?"

నీలివెలుగులో ఇద్దరూ గిన్నె పట్టుకుని నడిచారు. వంటశాల కిటకిటలాడుతోంది. ఆవిరిలో ముఖాలన్నీ కలలోలా మెత్తగా ఉన్నాయి. కోదండం గని కబుర్లు మొదలుపెట్టాడు. మధ్యలో నీళ్లకోసం లేచి వెళ్లాడు.

మందాకిని అటూ ఇటూ చూసి, కొంగుముడి విప్పి, ఇంకాస్త చింతపండు తీసి గిన్నెలో వేసింది.