మైనం పళ్ళు

...దొంగతనమే ఇది, ఇంకో పేరు లేదు, అనుకుంటూ వీరబాబు ఎక్కిన మెట్టే మళ్ళీ ఎక్కాడు. పర్సు పోతే పోలీసు స్టేషన్లో చెప్పుకోవచ్చు. పేషెంటు పోతే ఎవరితో చెప్పుకోవాలి? అదీ ఫైనలియర్ ప్రాక్టికల్స్ రోజున, ముప్పావు గంటలో ఎగ్జామినర్లు వస్తారనగా!

ఆ డెంటల్ కాలేజీలో పరీక్షకి ఎవరి పేషెంటుని వాళ్ళే తెచ్చుకోవాలి. కట్టుడు పళ్ళ పరీక్షకైతే ఒక్క పన్ను కూడా లేని నోరు కావాలి. అలాంటి నోళ్ళ కోసం బ్యాచంతా గుంటూరు చుట్టుపక్కల పెళ్ళిసంబంధాలు వెతికినట్టు వెతికింది. వీరబాబుకి ఆ బెంగ లేదు. అతనికి ప్రేమమ్మ ఉంది. ప్రొఫెసరుగారి సర్వే కోసం మార్టూరు దగ్గర క్యాంపు పెట్టినప్పుడు దొరికిన మిరపకోతల మామ్మ. జనవరిలో మోడల్ పరీక్షకీ ఆవిడే కూర్చుంది. నిన్న వాళ్ళ ఊరి ఎస్టీడీ బూతుకి ఫోన్ చేస్తే, "అట్టాగే వస్తాలే బాబూ" అంది.

వచ్చింది. వచ్చి, జ్యోతిర్మయి కుర్చీలో కూర్చుంది.

రెండేళ్ళుగా అతని పక్క కుర్చీ జ్యోతిర్మయిది. మాస్కు పైనుంచి ఆమె చూసే చూపుకి అర్థం వెతుక్కుంటూ, ఆమెతో చెప్పడానికి అతను ఎన్నో వాక్యాలు కూర్చుకున్నాడు. తీరా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"దొంగ!"

"ఇంకాస్త గట్టిగా అను, కింద ప్రిన్సిపాల్‌కి వినపడలేదు," అంది ఆమె, ట్రేలు సర్దడం ఆపకుండా.

"ఆవిడ నా పేషెంటు. జనవరి నుంచీ!"

"నీ పేషెంటా? మరి జనవరిలో పెట్టిన పళ్ళేవి?"

"అవి మైనంలో పెట్టినవి. పరీక్ష కోసం."

"పరీక్ష కోసమేనని ఆవిడకి చెప్పావా?"

అతను ప్రేమమ్మ వైపు తిరిగాడు. "ఏం మామ్మా, వస్తానని నాకు మాటిచ్చావా లేదా?"

ప్రేమమ్మ చెంగుతో మూతి తుడుచుకుంది. "ఇచ్చాను నాయనా. వారంలో పళ్ళిస్తానని నువ్వూ ఇచ్చావుగా. మూడుసార్లు కోత మానుకుని బస్సెక్కి వచ్చా. పరీక్షలకి చదువుకుంటున్నావు, కలవవన్నారు. ఆ పళ్ళు పెట్టి అద్దం చూపించావు చూడు, ఆ రోజే పాస్టరుగారితో చెప్పా, ఈస్టరుకి వాక్యం నేనే చదువుతానని. చదివాను. నా మాటలు జారిపోతుంటే పిల్లకాయలు ఒకటే నవ్వు. అందుకే ఈ పాపతో చెప్పా, పళ్ళు చేతిలో పెడతానంటేనే నోరు తెరుస్తానని."

అతని కోపం తగ్గలేదు, పెరిగింది. లోపల ప్లీడరొకడు లేచి వాదన మొదలుపెట్టాడు. మార్కులు పడ్డాక మైనం పళ్ళని ఎవడు పూర్తి చేశాడు? కాలేజీ అడిగిందా? సర్వే ఫారంలో 'పళ్ళు ఇచ్చారా' అన్న గడి ఉందా?

"నేనొక్కణ్ణేనా అలా చేసింది?" పైకే అనేశాడు.

"కాదు." ఆమె చెయ్యి ఆగింది. "నవంబరులో నేనూ ఒకాయన్ని అలాగే పంపేశాను. అందుకే నీ మీద ఇంత కోపం. అదుగో, ఆ బెంచీ మీద. ఇమాం హుస్సేన్ గారు. మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని చేసేవారు. పోయిన వారం వాళ్ళింటికెళ్ళి బతిమాలి తీసుకొచ్చా. కొత్తగా నోటి అచ్చులు కూడా తీశాను. నువ్వు వదిలేసిన మనిషిని నేను తీసుకున్నా. నేను వదిలేసిన మనిషిని నువ్వు తీసుకో. కానీ పూర్తి చెయ్యాలి."

బెంచీ మీది పెద్దాయన బోసినోటితో నవ్వాడు. "త్వరగా తేల్చుకోండమ్మా, నాకు ఆకలేస్తోంది."

ఇమాం హుస్సేన్ గారి పుణ్యమా అని సాయంత్రానికి వీరబాబు పరీక్ష గట్టెక్కింది. సింకు పక్కన బ్యాచంతా వదిలేసిన మైనం పళ్ళు కుప్పపడి ఉన్నాయి. "ఒరేయ్, ఫస్ట్ షోకి టికెట్లు తీశాం, రారా!" అని కోటేష్ కారిడార్లోంచి అరిచాడు.

వీరబాబు ఏప్రాన్ పెట్టడానికి లాకరు తీశాడు. అడుగున జనవరి నాటి ప్రేమమ్మ పళ్ళు. వేసవి ఎండలకి మైనం కరిగి జారింది. ముందు పళ్ళు ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. ఇప్పుడవి ఏ నోటికీ పట్టవు. కోపం ఎవరి మీదికి తిప్పుదామా అని చూశాడు. లాకరు ముందు తను తప్ప ఎవరూ లేరు.

ల్యాబులో జ్యోతిర్మయి ఒక్కతే ఉంది. మైనం పళ్ళని గట్టి పళ్ళుగా మార్చే ఇత్తడి డబ్బాలకి వేజలిన్ రాస్తోంది. ఒక జత పూర్తయింది. పక్కన ఇంకో జత ఉంది.

"అవి ఎవరికి?"

"ఎవరైనా వస్తారేమోనని."

"రాకపోతే?"

"రేపు ఇంకో దొంగతనం చేసేదాన్ని." మాస్కు లేదు. ఆ చూపు కింద నవ్వు కూడా ఉందని అతనికి ఇవాళే తెలిసింది.

రెండేళ్ళుగా కూర్చుకున్న వాక్యాలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ బాగా లేదు. అతను స్టూలు ఆమె పక్కకి లాక్కుని, రబ్బరు గిన్నెలో నీళ్ళు పోసి, ఆ రెండో జత డబ్బాల్లో పోయడానికి ప్లాస్టరు పొడి చల్లి, ఉండకట్టకుండా కలపడం మొదలుపెట్టాడు.