వేదనాసేతువు

బస్సు జగన్నాథపురం వంతెన ఎక్కుతుండగా వకుళ పక్కన కూర్చున్న పెద్దాయన ఉన్నట్టుండి చూపుడువేలు విదిలించుకున్నాడు. ఆయన మణికట్టు మీది గుర్తుదీపం ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయింది.

"మా ఆవిడ వంకాయలు తరుగుతున్నట్టుందండి," అని వకుళతో అని, ఫోను తీశాడు. "ఏమోయ్, బాగా తెగిందా? చన్నీళ్ల కింద పెట్టు."

బస్సులో ఎవరూ తల తిప్పి చూడలేదు. వేదనాసేతువు వచ్చాక కాకినాడలో ఇవన్నీ మామూలైపోయాయి. చెవి వెనక చర్మం కింద గోరంత బిళ్ల, అలాంటిదే ఇంకొకరికి. ఆ ఇద్దరినీ జోడు అంటారు. ఒకరికి నొప్పి కలిగితే అందులో కొంత రెండోవారికి చేరుతుంది. ఒకవైపే పోయేలానూ పెట్టించుకోవచ్చు. పురిటి గదుల్లో కేకలు తగ్గాయి. పెళ్లిచూపుల్లోనే జోడు సంగతి మాట్లాడుకుంటున్నారు. నొప్పి తనదో, జోడుదో తెలియడానికే గుర్తుదీపం. జోడు నుంచి వచ్చిన నొప్పయితే అది వెలుగుతుంది.

వకుళ తన మణికట్టు వైపు చూసుకుంది. దీపం వెలగలేదు. ఈ తలనొప్పి మొదలైన ఇన్ని నెలల్లో ఒక్కసారీ వెలగలేదు. పొద్దున్నే లేచేసరికి మెడ నుంచి నుదుటి దాకా ఎవరో తాడు బిగించినట్టుంటుంది. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త నయం.

ఆస్పత్రిలో డాక్టర్ కామేశ్వరి పరీక్షల ఫలితాలు తెర మీద పెట్టి చూపించారు. వకుళ మూడోసారి రావడమిది.

"మీ తలలో ఏ లోపమూ కనబడటం లేదమ్మా. చూపులో తేడా ఏమైనా ఉందా? మసకేయడం, రెండుగా కనబడటం?"

"లేదండీ. చూపు బాగానే ఉంది."

"జోడు ఎవరు?"

"మా చెల్లెలు తరళ. తన నొప్పి నాకొస్తుంది, నాది తనకి పోదు."

"ఆవిడకి తలనొప్పి ఉందా?"

"అడిగానండీ. అసలు లేదంటోంది."

"అయితే ఇది ఆవిడది కాదు. చెరి సగమే కదా, ఆవిడకీ తెలియాలి. దీపం కూడా వెలగలేదంటున్నారు." డాక్టరు మందులు రాశారు. "బెంగలేమీ పెట్టుకోకండి. నిద్ర సరిగా పోండి."

వకుళ మందుల చీటీ అందుకుని బయటికి వచ్చింది.

వాళ్లది చెరి సగం కాదు. తరళకు పదేళ్లప్పుడు తుంటి ఎముక కుళ్లింది. ఎన్ని ఆపరేషన్లు చేసినా ఆ పిల్ల అరుపులు ఆగలేదు. సేతువు కొత్తగా వచ్చిన రోజులవి. పదహారేళ్ల వకుళ తండ్రిని బతిమాలింది. "సగమెందుకు నాన్నా, మొత్తం నాకే పెట్టించండి." పెట్టించారు. ఆ రాత్రి తరళ కంటినిండా నిద్రపోయింది. తరవాత ప్రభుత్వం సగానికి మించకూడదని నిబంధన తెచ్చింది. పాత బిళ్లల జోలికి మాత్రం ఎవరూ రాలేదు. ఇప్పుడీ మాట చెబితే తగ్గించేస్తారేమోనని వకుళ భయం. దీపం వెలగలేదు కాబట్టి ఈ నొప్పి తనదేనని ఆమె నమ్మింది.

ఇంటికి పోకుండా రేవుకు వెళ్లింది. తరళ అక్కడ చేపల పడవలకు పేర్లు రాస్తుంది. యంత్రాలు రాసే అక్షరాల కంటే ఆమె చేతి రాతే పడవ వాళ్లకు ఇష్టం. ఒడ్డున బోర్లించిన నీలం పడవ మీద పసుపు రంగుతో రాస్తూ కనిపించింది.

"ఏమన్నారక్కా డాక్టరుగారు?"

"ఏమీ లేదంట. నిద్ర పొమ్మన్నారు." వకుళ పడవ వైపు చూసి ఆగిపోయింది. "అదేంటే, వరస కిందికి దిగిపోతోంది?"

"కొత్త కళ్లద్దాలు పడలేదు. ఇది రెండోసారి మార్చడం. తలనొప్పుందా అని అడిగాడు కళ్ల డాక్టరు, లేదన్నాను. లేకపోతే భయమేం లేదు, అలవాటవుతుందన్నాడు." అంటూ తరళ రంగు డబ్బా కోసం వంగింది.

ఆ క్షణాన వకుళ తల పగిలిపోయినట్టయింది. కణతలు పట్టుకుని ఇసుకలో కూలబడింది. కళ్లు తెరిచేసరికి తరళ ఇంకా వంగే ఉంది. ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని, రెండో చేత్తో గాలిలో తడుముతోంది. డబ్బా ఆమె కాళ్ల దగ్గరే ఉంది.

"తరళా, ఏమైందే?"

"ఏం కాలేదక్కా. వంగితే ఒక్క నిమిషం అంతా నల్లగా అయిపోతుంది. మళ్లీ వచ్చేస్తుంది. నొప్పేం లేదుగా."

వకుళ లేచి చెల్లెలి చెయ్యి పట్టుకుని, రంగు కూడా కడుక్కోనివ్వకుండా ఆటో ఎక్కించింది.

డాక్టర్ కామేశ్వరి తరళ రెండు కళ్లలోకీ ఒకటికి రెండుసార్లు చూశారు. వకుళ చెప్పిందంతా విన్నాక కుర్చీలో వెనక్కి వాలారు.

"మొత్తమా? నేను సగమనుకున్నానమ్మా. మీ చెల్లెలి తలలో నీరు ఊరి ఒత్తిడి పెరిగింది. కంటి నరాలు వాచిపోయాయి. తలనొప్పి ఒకటే అయితే ఒకలా చూస్తాం. చూపు మసక ఒకటే అయితే ఇంకోలా చూస్తాం. రెండూ ఒక మనిషిలో ఉంటే ఆ పూటే చేర్చుకుంటాం. మీరిద్దరూ అడిగినదానికి నిజమే చెప్పారు."

"మరి దీపం ఎందుకు వెలగలేదండీ?"

"అది గభాలున వచ్చే నొప్పికే వెలుగుతుంది. రోజూ పిసరంత పెరుగుతూ పోయేదాన్ని, దాని మీద వచ్చే పోట్లతో సహా, మీ సొంత నొప్పి కిందే జమకట్టేస్తుంది. అలా వస్తుందని దాన్ని చేసినవాళ్లు అనుకోలేదు."

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. నీరు దిగడానికి గొట్టం వేశారు. దాంతోపాటు ఇద్దరి బిళ్లలూ తీసేశారు. ఒత్తిడి మళ్లీ పెరిగితే ఆ సంగతి తరళకే తెలియాలన్నారు డాక్టరు. అప్పటికే దెబ్బతిన్న కంటి నరాలు ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడాన్ని తట్టుకోలేక, తరళ ఎడమ కంటి చూపు పూర్తిగా పోయింది. కుడి కంటికి వెలుతురూ నీడా మాత్రం తెలుస్తాయి. ఇక అంతకంటే రాదన్నారు.

మత్తు దిగాక తరళ ఒక్కసారిగా మంచం మీద ముడుచుకుపోయింది.

"అక్కా, నాకేదో అవుతోంది. చచ్చిపోతున్నానా?"

"లేదమ్మా. అది నొప్పి."

"ఇంతుంటుందా?"

"ఇంతే ఉంటుంది. ఊపిరి బిగబట్టకు, మెల్లగా వదులు. కొంచెం తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు భయపడకు."

ముప్పై నాలుగేళ్ల మనిషి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఎలా ఓర్చుకోవాలో ఆమెకు తెలియదు. పదేళ్ల వయసు తరవాత నేర్చుకునే అవసరం రాలేదు.

"ఇన్నాళ్లూ నువ్విలాగే ఉన్నావా?" అంది కాసేపటికి. "ఇంతుందని నాకు చెప్పాల్సిందక్కా. పొద్దున్నే లేవలేకపోతున్నానని ఒక్కమాట. నా తలనొప్పి అది."

"నాదే అనుకున్నానే."

"ఇప్పుడు నా నొప్పి తెలుస్తోందా నీకు?"

"లేదు."

నెలల తరవాత వకుళ తల దూదిపింజలా తేలిగ్గా ఉంది. వేళ్లతో చెవి వెనక కుట్టును నొక్కి చూసుకుంది. అవతల నుంచి ఏమీ రాలేదు. తరళ చూపు ఆనని కళ్లతో ఆమె వైపు కాక కిటికీ వైపు తిరిగి చెయ్యి చాపింది. వకుళ లేచి మంచం అటువైపు వెళ్లి ఆ చెయ్యి అందుకుంది.

నొప్పి మళ్లీ వచ్చింది. తరళ పళ్లు బిగించి అక్క చేతిని పట్టుకుంది. గోళ్లు చర్మంలోకి దిగాయి. వకుళకు తెలిసింది ఆ గోళ్ల మంట ఒక్కటే. ఇంకా గట్టిగా పట్టుకోమంది.