ముసలిరాజు వంతెన దాటుతాడా?

కాఫీ ఇంకా కప్పుల్లోకి రాకముందే మాస్టారు భోజనాల బల్ల మీద కోట కట్టేశారు. చక్కెర డబ్బా బురుజు. దాని చుట్టూ వరసగా పేర్చిన స్పూన్లు నది. నదికి అడ్డంగా పెట్టిన చాకు వంతెన. బల్ల అవతలి కొసన బోర్లించిన గ్లాసులన్నీ శత్రువుల బూడిద సైన్యం.

"నా చక్కెర డబ్బా నాకివ్వండి," అంది భార్య వంటగది గుమ్మంలోంచి.

"ఇది తీస్తే బురుజు కూలిపోతుందే. ఒక్క క్షణం ఆగు."

"మీ బురుజు కూలితే కూలింది. ఇక్కడ కాఫీ చల్లారిపోతోంది."

మాస్టారు బడిలో భూగోళం చెప్పేవారు. ఏ దేశం పటమైనా చూడకుండా బోర్డు మీద గీసేస్తారని పిల్లలు ఆయనకు 'పటాల మాస్టారు' అని పేరు పెట్టారు. కిడ్నీలు రెండూ మొరాయించాక బడి మానేశారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ మిషను పక్కన పడుకోవడమే ఆయనకు ఉద్యోగం. ఆ ఖాళీలోకి వచ్చి తిష్ఠ వేసింది 'నదీదుర్గం' అనే టీవీ సీరియల్. రాజులు, మంత్రగత్తెలు, రాతిరెక్కల గద్దలు, బూడిదలోంచి లేచి నడిచే సైనికులు. "ఈ వయసులో నాకీ కాకమ్మ కథలా" అని మొదట్లో మొహం తిప్పుకున్న మనిషే ఇప్పుడు ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి దాని మీద పాఠాలు చెబుతున్నారు. శనివారం సాయంత్రం ఆఖరి భాగం. చివరి యుద్ధం అందులోనే.

కూతురు జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. ఈతకొలనులో ఈత నేర్పడం ఆమె పని. నడక సరిగ్గా రాకముందే నీళ్ళలో ఆడిన పిల్ల కాబట్టి ఇంట్లో అందరికీ 'చేప'.

"ఎవరు గెలుస్తున్నారు మాస్టారూ?" అంది, బల్ల మీదికి వంగి.

"చూడు చేపా. కోటకు దారి ఈ వంతెన ఒక్కటే. మిగతా మూడు వైపులా ఊబి. కాబట్టి రాజు ఏం చేస్తాడు? ముందు యువరాణిని సొరంగంలోంచి బయటికి పంపేస్తాడు. మళ్ళీ వెనక్కి రాకుండా తలుపుకి గడియ వేయిస్తాడు. తానొక్కడే వంతెన మీదికి వెళ్ళి, సైన్యం సగం దాటాక గొలుసు లాగి కూల్చేస్తాడు."

"తానూ నదిలో పడతాడుగా?"

"పడతాడు. ముసలాడు, తొడలో బాణం దిగినవాడు. పడితే ఏం పోయింది? కూతురు బతుకుతుంది."

చేప శత్రుసైన్యంలోంచి ఒక గ్లాసు తీసి కాఫీ పోసుకుంది. "బాణం దిగినవాడు అంత బరువైన గొలుసు ఒక్కడే ఎలా లాగుతాడు? యువరాణి వెనక్కి వస్తుంది. ఇద్దరూ కలిసి లాగుతారు."

"రాలేదు. గడియ వేయించాడన్నానా?"

"గడియ ఉన్నది తీయడానికే కదా నాన్నా."

"మీ ఇద్దరిదీ తప్పే," అంటూ భార్య వచ్చి చక్కెర డబ్బా లాక్కుంది. "ఆ ముసలాడు ఎవరి మాటా వినడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. వాడి మొండితనం వల్ల అందరూ మునిగిపోతారు. ముందు కాఫీ తాగండి."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు అది గమనించారు. కానీ బురుజు పోయిన కోటను ఎలా కాపాడాలా అన్న ధ్యాసలో పడి మరచిపోయారు.

ఆ రోజు డయాలసిస్ గదిలో కూడా అదే చర్చ. ఒకవైపు మంచం మీద పళ్ళ దుకాణం ఆయన, రెండోవైపు బస్సు డ్రైవరు. ముగ్గురి ఒంట్లోని రక్తమూ గొట్టాల్లో తిరుగుతుంటే, ముగ్గురి నోళ్ళూ యుద్ధం చేస్తున్నాయి.

"గద్దపిల్ల వచ్చి కాపాడుతుంది, రాసిపెట్టుకోండి," అన్నాడు పళ్ళాయన. "మొదటి భాగంలో రాజు దానికి గింజలు వేశాడా లేదా? ఊరికే చూపిస్తారా?"

"గద్ద గింజలు తింటుందా?" అన్నాడు డ్రైవరు.

"రాతిగద్ద కదండీ, తింటుందేమో."

మాస్టారు పడీపడీ నవ్వారు. అప్పుడే మిషను చూడడానికి వచ్చిన నర్సు కూడా నవ్వి, "మీరు సంతోషంగా ఉండక ఇంకెవరుంటారు మాస్టారూ! మీ అమ్మాయి టెస్టులన్నీ మీకు సరిపోయాయటగా. కిడ్నీ మార్పిడి ఎప్పుడు పెట్టుకుంటున్నారు?" అంది.

మాస్టారి నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

సాయంత్రం చేప ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆయన వాలుకుర్చీలో కూర్చోలేదు. గది మధ్యలో నిలబడి ఉన్నారు. డయాలసిస్ అయిన రోజు ఆయనకు నిలబడే ఓపిక ఉండదు. అది చూసి చేపకు సంగతి అర్థమైపోయింది.

"ఎవరినడిగి చేయించుకున్నావు ఆ టెస్టులు?"

"నా ఒంటికి టెస్టులు చేయించుకోవడానికి ఎవర్ని అడగాలి నాన్నా?"

"నన్నడగాలి! మీ అమ్మ ఇస్తానన్నప్పుడు షుగరుందని డాక్టర్లు వద్దన్నారు. సరే. నీ జోలికి మాత్రం ఎవరూ రాకూడదని ఆ రోజే చెప్పానా లేదా?" ఆయన భార్య వైపు తిరిగారు. "నీకు తెలిసే జరిగిందా ఇదంతా?"

"తెలుసు. దానికి తోడు వెళ్ళింది నేనే."

"కన్నతల్లివేనా నువ్వు? పిల్ల కడుపు కోయించడానికి నీకు మనసెలా ఒప్పింది?"

ఆవిడ చేస్తున్నది మందుల షాపులో ఉద్యోగం. ఎదుట నిలబడి ఎవరు ఎంత గట్టిగా అరిచినా గొంతు పెంచని మనిషి. ఇప్పుడూ పెంచలేదు.

"మీరిద్దరూ నాకు రెండు కళ్ళు. ఏ కన్ను కావాలో చెప్పమంటే ఏం చెప్పను? ఇమ్మని నేను దానికి చెప్పలేదు. వద్దనీ చెప్పలేకపోయాను. తోడు వెళ్ళాను. నా చేతనైంది అదొక్కటే."

మాస్టారు కుర్చీ చెయ్యి పట్టుకుని కూతురి వైపు తిరిగారు. "రేపు నీకు మిగిలిన ఆ ఒక్కటీ పాడైతే? ఇక నీళ్ళలో దిగొద్దంటే? అప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని బతకాలి?"

"కొన్ని నెలలు ఆగితే మళ్ళీ ఈదొచ్చని డాక్టరుగారు చెప్పారు."

"డాక్టర్లు సవాలక్ష చెబుతారు!"

"నువ్వు జరగబోయేదంతా ముందే రాసిపెట్టుకున్నావు నాన్నా." చేప చేతిలోని సంచి కింద పడేసింది. "అందులో నేను మంచం పడతాను, నువ్వు కుమిలిపోతావు. నా మాటంటూ ఒక్కటైనా ఉందా అందులో? నువ్వు ఆ మిషను దగ్గర్నుంచి తోటకూర కాడలా వేలాడుతూ ఇంటికొస్తుంటే, నేను అవతల హాయిగా ఈదుకుంటూ ఉండాలి. ఇదేనా నా కోసం నువ్వు కోరుకునే బతుకు?"

"నేను తీసుకోను. ఇదే ఆఖరి మాట."

"నేనూ మాట వెనక్కి తీసుకోను."

రెండు గదుల తలుపులు ఒకదాని వెంట ఒకటి మూసుకున్నాయి. ఆవిడ మధ్యలో నిలబడిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు పడిపోయాయి. "నాన్నను భోజనానికి రమ్మనమ్మా." "నీ కూతుర్ని గొడుగు తీసుకెళ్ళమని చెప్పు." ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరి మధ్య ఆవిడ తపాలా బంట్రోతు అయింది. చక్కెర డబ్బాను ఇప్పుడెవరూ ముట్టుకోవడం లేదు. అది ఆవిడకు మరీ కష్టంగా ఉంది.

శుక్రవారం డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు పళ్ళాయన యుద్ధం మాట ఎత్తితే మాస్టారు, పిల్ల కిడ్నీ ఇస్తానంటే తాను వద్దన్నానని మాత్రం చెప్పి కళ్ళు మూసుకున్నారు. పళ్ళాయన నిద్రపోయాక డ్రైవరు ఇటు తిరిగాడు.

"ఒకటడుగుతాను మాస్టారూ, కోపం తెచ్చుకోకండి. ఆ రాజు సొరంగానికి గడియ వేయిస్తాడన్నారే, అది కూతురి కోసమా, తన కోసమా?"

"కూతురి కోసమే. ఇంకెవరి కోసం?"

"ఏమో. బిడ్డకి ఏమన్నా అయితే చూడలేక వేయించాడేమో అనిపించింది నాకు." డ్రైవరు గొంతు తగ్గించాడు. "నాకొక తమ్ముడున్నాడు. కిడ్నీ మాట ఎత్తినప్పటినుంచీ వాడు ఫోనెత్తడం లేదు. వాణ్ణి తప్పు పట్టను, భయం ఎవరికైనా ఉంటుంది. మీ పిల్ల ఆ భయాన్ని కూడా దాటుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. మీరు తలుపేశారు. మీ మీద నాకు కోపం లేదు మాస్టారూ. కడుపు మండుతోంది, అంతే."



శనివారం పొద్దున చేప పనికి వెళ్ళాక ఆయన చెప్పులు వేసుకున్నారు. ఎక్కడికని భార్య అడగలేదు. ఒక స్వెట్టరు తెచ్చి భుజాల మీద వేసింది.

ఈతకొలను దగ్గరికి ఆయన వచ్చి చాలా ఏళ్ళయింది. గోడవారగా ఉన్న మెట్ల మీద కూర్చున్నారు. నీళ్ళలో చేప ఎదురుగా భారీ మనిషి ఒకావిడ గట్టు కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయి ఉంది.

"నా బరువు నువ్వాపలేవమ్మాయ్. ఇద్దరం మునుగుతాం," అంటోంది ఆవిడ.

"నీళ్ళలో మనిషి తేలికైపోతారు పిన్నిగారూ. మీరు బిగుసుకుపోతేనే నాకు కష్టం. వెనక్కి వాలండి. మిగతాది నేను చూసుకుంటాను."

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని కమ్మీ వదిలింది. చేప రెండు చేతులూ ఆవిడ వీపు కింద పెట్టింది. అంత మనిషీ ఆకులా తేలింది. తేలుతున్నానని తెలిశాక ఆవిడ పకపకా నవ్విన నవ్వుకి కొలనంతా మారుమోగింది.

మాస్టారు చూస్తున్నది ఆవిడను కాదు. తన కూతురి భుజాలను. ఎంత బలమైన భుజాలు! ఎప్పుడు పెరిగాయి ఇవి? తాను వేసిన లెక్కల్లో చేప ఎప్పుడూ తాను మోయవలసిన పిల్లే. మోయగల మనిషి అని ఒక్కసారైనా అనుకోలేదు.

తువ్వాలు కప్పుకుని చేప వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"నీకు భయంగా లేదూ?" అన్నారు ఆయన.

"ఉంది. కత్తంటే భయమే. తలుచుకుంటే అరచేతులు చల్లబడతాయి. అయినా ఇవ్వాలనే ఉంది. రెండూ నిజమే నాన్నా."

"ఇచ్చాక అది నాలో పనిచెయ్యకపోతే? నీది ఊరికే పోతే?"

"పోతే ఇద్దరం కలిసి ఏడుద్దాం. ఇప్పుడు ఎవరి గదిలో వాళ్ళం ఏడుస్తున్నాం. ఇదేమన్నా బాగుందా?"

మాస్టారు కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడిచారు. తుడవవలసింది అద్దాలను కాదని ఆయనకూ తెలుసు.

"ఇన్ని రోజులూ వద్దని అరిచానే గానీ, నీ మనసులో ఏముందని ఒక్కసారి కూడా అడగలేదు."

"ఇప్పుడడుగు."

ఆయన ఆ తడి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. బడిలో ఏళ్ళ తరబడి ప్రశ్నలడిగిన మనిషికి ఈ ఒక్క ప్రశ్న గొంతు దాటడానికి చాలాసేపు పట్టింది.

"నాకు కిడ్నీ ఇస్తావా తల్లీ?"

చేప తల ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆయన భుజం మీద వాలిపోయింది. స్వెట్టరు సగం తడిసింది.

సాయంత్రం ముగ్గురూ ఒకే సోఫాలో ఇరుక్కుని టీవీ పెట్టారు. పళ్ళాయనా, డ్రైవరూ ఫోన్లో తోడయ్యారు. రాజు కుంటుకుంటూ వంతెన మీదికి వచ్చాడు. "చూశారా!" అన్నారు మాస్టారు. గడియ విరగ్గొట్టుకుని యువరాణి పరుగెత్తుకొచ్చింది. "చూశావా!" అంది చేప. ఇద్దరూ కలిసి గొలుసు పట్టుకున్నారు. అంతలో ముందు వరసలోని బూడిద సైనికుడు ఇనుప ముసుగు తీశాడు. అతను ఎప్పుడో యుద్ధంలో చనిపోయిన ఆ కోట మనిషే. వెనకాలున్నవాళ్ళూ అంతే. వాళ్ళు వచ్చింది కోటను పట్టుకోవడానికి కాదు, ఇంటికి. యువరాణి తండ్రి చెవిలో ఏదో చెప్పింది. రాజు గొలుసు వదిలేసి, కోట తలుపులు తెరవమన్నాడు. కథ అయిపోయింది.

"గద్ద ఏదండీ?" ఫోనులో పళ్ళాయన లబోదిబోమన్నాడు. "గింజలన్నీ తిని ఎక్కడికి పోయింది?"

"వంతెన కూలలేదు, అంతే చాలు నాకు," అన్నాడు డ్రైవరు.

భార్య కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. "ఆ ముసలాడు మాట విన్నాడే! అస్సలు అనుకోలేదు."

"నలుగురం నాలుగు జోస్యాలు చెప్పాం," అన్నారు మాస్టారు, "ఒక్కటీ ఫలించలేదు." ఆయన మొహంలో ఓడిపోయిన బాధ మచ్చుకైనా లేదు. మళ్ళీ ఆ ఇంట్లో నవ్వులు వీధి దాకా వినిపించాయి.

ఆపరేషన్ తర్వాత మాస్టారికి తెలివి వచ్చేసరికి మంచం పక్కన భార్య నిలబడి ఉంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. మంచానికి వేలాడుతున్న మూత్రం సంచిని వేలితో చూపించింది. అది నిండుతోంది; కొత్త కిడ్నీ పని మొదలుపెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఎన్ని కానుకలు తెచ్చినా ఆవిడ మొహం అంతగా వెలగలేదు.

"చేప?" అన్నారు ఆయన పొడిబారిన గొంతుతో.

"బాగుంది. లేచీ లేవగానే మీ గురించే అడిగింది."

రెండు రోజులకు చేప గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ ఆయన గది దాకా వచ్చింది. గుమ్మంలో నిలబడి, "నా కిడ్నీ ఎలా ఉంది?" అంది.

"ఇచ్చేశాక నీదెలా అవుతుంది? నాది."

"సరే. నీ కిడ్నీ ఎలా ఉంది?"

"ఏం చెప్పను? కాస్త విశ్రాంతి తీసుకోవే అంటే వినదు. పగలూ రాత్రీ ఒకటే పని. అచ్చం నీ పోలికే."

"నవ్వించకు నాన్నా, కుట్లు లాగుతున్నాయి."

మాస్టారు ఓపిక చేసుకుని మంచం మీద పక్కకు జరిగారు. ఆమె వచ్చి ఆ ఖాళీలో నెమ్మదిగా కూర్చుంది. నడవాలోంచి భార్య గొంతు దగ్గరవుతోంది. "మంచం దిగొద్దని చెప్పి ఇలా వెళ్ళానో లేదో, ఎక్కడికి పోయింది ఈ పిల్ల?" తండ్రీకూతుళ్ళు ఎవరి కడుపు వాళ్ళు చేత్తో అదిమి పట్టుకుని, పెదాలు బిగించి, నవ్వు రాకుండా ఆపుకోవాలని శతవిధాలా ప్రయత్నించారు. ఇద్దరి వల్లా కాలేదు.