పడవ కింద అమ్మ రాయి

అరుగు కింద అమ్మ రాయి లేదు!

వెర్లిన్ చేతిలోని వెనిగర్ బకెట్టు జారి మెట్ల మీద దొర్లింది. గోనెపట్టా చుట్టి పదిలంగా దాచుకున్న రాయి... సమాధి మీద నిలబెట్టాల్సిన రాయి! దాని చోట ఇప్పుడు ఎండుమట్టి మీద చదరపు గుర్తు మాత్రం మిగిలింది. అమ్మ ఎడ్లిన్ పోయి ఏడేళ్లయింది. కరీబియన్ సముద్రంలోని ఈ కారియాకు దీవిలో మనిషిని మట్టిలో పెట్టినంత మాత్రాన రుణం తీరదు. రాయి నిలబెట్టి, దాన్ని రమ్ముతో, నీళ్లతో తడిపి, ఊరికి అన్నం పెట్టి, అందరికంటే ముందు పోయినవాళ్ల పళ్లెం వడ్డించాలి. అప్పటిదాకా ఆ ప్రాణికి కూర్చునే చోటుండదు. ఎడ్లిన్ కలలోకి వచ్చేది. "ఎన్నాళ్లే నన్నిలా నిలబెట్టి ఉంచుతావు?" అని అడిగేది. ఆ రాయి కోసమే వెర్లిన్ ఏడేళ్లు విదేశీయుల షికారు పడవల్లో బూజు తుడిచింది. జూన్‌లో వాళ్లు తాళాలిచ్చి చల్లటి దేశాలకు వెళ్లిపోతే, తుపాన్ల నెలలన్నీ ఆమే వారం వారం ఎక్కి కిటికీలు తెరిచి, చెక్కలకు వెనిగర్ రాసి, బొద్దింకలు చేరకుండా అరల్లో బిర్యానీ ఆకులు వేసి వచ్చేది. చేతులు పగిలిపోయాయి గానీ రాయి వచ్చింది. ఈ నవంబరులో విందు. తేదీ కూడా పెట్టుకుంది!

"అత్తా! రాయేది?"

అత్తగారు జెఫ్రిన్ అరుగు మీద మొక్కజొన్న గింజలు ఒలుచుకుంటోంది. తలైనా ఎత్తలేదు.

"మీ అమ్మా? పనికెళ్లింది."

"అత్తా!"

"అరుస్తావేంటే? బతికినన్నాళ్లూ కాలు మీద కాలేసుక్కూచుంది మహాతల్లి. చచ్చాకైనా ఓ పని చెయ్యనీ. పడవల యార్డుకెళ్లి చూసుకో, నీ మొగుణ్ణే అడుగు."

వెర్లిన్ పరుగెత్తింది. మర్నాటి పొద్దుటికి తుపాను దీవిని తాకుతుందని రేడియో చెబుతూనే ఉంది. యార్డులో పడవలన్నీ వరసగా నేల మీద నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాని అడుగుభాగం గోతిలో దింపి, చుట్టూ ఇనుప ఊతలు పెట్టి, నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలతో నేలలో పాతిన కొక్కేలకు బిగించారు. అన్నిటికంటే పెద్దది 'మారెన్'. దాని కాపలా ఆమె భర్త ఆల్బన్‌ది. కొక్కేలు తుప్పు పట్టాయేమో జూన్‌లోనే తవ్వి చూడాలి. ఆల్బన్ చూశాడా? రమ్ము దుకాణంలో డామినోలు ఆడుకుంటూ కూర్చున్నాడు! ఇవాళ పట్టీ బిగిస్తుంటే కొక్కెం పుటుక్కున విరిగింది. పీకల మీదకు వచ్చాక అయ్యగారికి పెళ్లాం తల్లి గుర్తొచ్చింది. ఛాతీ లోతు గొయ్యి తవ్వి, కొక్కేనికి బదులు రాతిని అందులో పడుకోబెట్టి, పట్టీ చుట్టి, మట్టి కప్పేస్తున్నాడు.

"ఏమయ్యా... అమ్మ పేరున్న రాయయ్యా అది! బోర్లా పడేశావా?"

"బోర్లా వేస్తేనే పట్టు. చెక్కిన అక్షరాల్లో పట్టీ ఇరుక్కుంటుంది, జారదు" అన్నాడు ఆల్బన్, తన తెలివికి తానే మురిసిపోతూ.

"తీసెయ్యి... నీ కాళ్లు పట్టుకుంటా!"

"ఇది పడితే పక్కది పడుతుంది. దాంతో వరసంతా పడుతుంది. నా ఉద్యోగం పోతే మీ అమ్మ లేచొచ్చి వండి పెడుతుందా? పక్కకి జరుగు, మట్టి పడుతుంది."

మట్టి పడింది. తల్లిని రెండోసారి పూడ్చిపెట్టడం కళ్లారా చూసిన కూతురు ఆ దీవిలో మరొకతె లేదు.

తెల్లారేసరికి గాలి లేచింది. "ఊరంతా తలదాచుకుంటున్న బడిలో అమ్మను దింపి నీకోసం వస్తా. ఈలోగా కిటికీలకు మేకులు కొట్టు" అని ఆల్బన్ తల్లిని తీసుకుని వెళ్లాడు. వెర్లిన్ మేకులు కొట్టింది. మేకను గుంజకు కట్టింది. ఎదురు చూసింది. ఎనిమిదయింది... తొమ్మిదయింది... రాలేదు! పదింటికి ఇంటి కప్పు రేకులు ఒక్కొక్కటే లేచాయి, చివరికి కప్పంతా దూలాలతో సహా ఎగిరిపోయింది. గోడ కింద పడి మేక చచ్చింది. వెర్లిన్ మేకతాడు నడుముకు చుట్టుకుని, మచ్చుకత్తి పట్టుకుని, నేల మీద పాకుతూ బయటపడింది. ఇల్లు లేదు. కట్టుకున్నవాడు రాలేదు. ఇంక ఆమెకు మిగిలింది అమ్మ ఒక్కతే! ఆ పడవ పోతే పోనీ, అమ్మను తెచ్చుకోవాలి!

యార్డులో వాన గోతి మీది మట్టిని తోడేస్తోంది. రాయి అంచు బయటపడింది. వెర్లిన్ పట్టీ మీద కత్తి పెట్టి కోసింది. ఒక వేలి వెడల్పు తెగింది. అప్పుడు వినిపించింది, పడవ లోపలినుంచి ఒక గొంతు.

"ప్రభువా... కాపాడు ప్రభువా..."

అత్తగారు! బడికి వెళ్లలేదు! ఊళ్లో వాళ్లతో కలిసి చాప మీద కూర్చోవడానికి ఆవిడకు నామోషీ. కోడలు ఏడేళ్లు తుడిచిన మెత్తటి పరుపుల మీద ఒక్కసారైనా కూర్చోవాలని ఆశ. నేల మీది పడవలో తుపానప్పుడు మనిషి ఉండకూడదని కాపలావాడికి తెలియదా? తెలుసు. తల్లి మాట కాదనలేక ఎక్కించాడు, తనూ ఎక్కి నిచ్చెన పైకి లాక్కున్నాడు!

వెర్లిన్ కత్తిపిడితో పడవను బాదింది. "ఆల్బన్! నేనయ్యా! ఇల్లు పోయింది... నిచ్చెన దింపు!"

గుండ్రటి కిటికీలో ఆల్బన్ ముఖం కనిపించింది. వెనకనుంచి జెఫ్రిన్ అరుపు.

"తలుపు తియ్యకురా! వాన కొట్టి పరుపులు తడిసిపోతాయి!"

ఆల్బన్ ఆమె కళ్లలోకి చూశాడు. ఒక్క క్షణం! తర్వాత పక్కకు జరిగాడు. కిటికీ ఖాళీ అయింది.

వెర్లిన్ మళ్లీ కత్తి ఎత్తింది. ఇంకో నాలుగు కోతలు చాలు. ఇద్దరూ... అప్పుడే వాన మట్టిని ఇంకొంచెం కడిగింది. పట్టీ లాగుడుకు రాయి పక్కకు ఒరిగింది. దాని ముఖం మీద, పట్టీ పక్కన, మొదటి అక్షరం కనిపించింది. 'ఎ'.

ఆమె కత్తి పారేసింది. తెగిన చోట పోగులు ఒక్కొక్కటే పుటుక్కుమని విడిపోతున్నాయి. పడవలు కట్టే ఇంట్లో పుట్టిన పిల్లకు ముడులు కొత్తా! మేకతాడు విప్పి, కోతకు పైనా కిందా బిగించి, ముడి మీద ముడి వేసి, రాతి మీద బోర్లా పడుకుంది. వీపు మీద వాన రాళ్లలా కొడుతోంది. పడవ ఊగినప్పుడల్లా పట్టీ ఆమె భుజాన్ని ఒరుసుకుపోయింది. కదల్లేదు.

మధ్యాహ్నం మూడింటికి గాలి తగ్గింది. నిచ్చెన దిగింది. ఆల్బన్ పట్టీని చూసి తెల్లబోయాడు.

"ఎవరు కోశారే ఇది?"

జెఫ్రిన్ కోతను చూసింది. బురదలో కత్తిని చూసింది. తాడు ముడులనూ, కోడలి భుజాన చర్మం లేచిపోయిన చోటునూ చూసింది.

"నోర్ముయ్యరా" అంది. "గాలి కోసింది."

వారం తర్వాత ఫోను పనిచేస్తే పడవ యజమాని అడిగిన మొదటి మాట, పరుపులు తడిశాయా అని. తడవలేదని ఆల్బన్ గర్వంగా చెప్పాడు. ఇల్లుందా అని ఆయన అడగలేదు, ఈయనా చెప్పలేదు.

నవంబరులో రాతిని తవ్వి తీశారు. ఒక మూల విరిగింది. ఎడ్లిన్ పేరు మీదుగా పట్టీ ఒరిపిడికి అడ్డంగా గాడి పడింది. కొత్త రాయి కొనడానికి మరో ఏడేళ్లు తుడవాలి. ఆ రాతినే నిలబెట్టి, రమ్ముతో, నీళ్లతో తడిపింది వెర్లిన్. కప్పులేని ఇంటి గోడల మధ్య బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. జెఫ్రిన్ ఎవరూ అడక్కుండానే గరిటె తీసుకుని, అన్నం, కోడికూర, మొక్కజొన్న ముద్ద ఎడ్లిన్ పళ్లెంలో తనే వడ్డించింది.

"ఎందుకాగావే తల్లీ?" అంది గొంతు తగ్గించి. "కోసెయ్యాల్సింది. నేను చేసిందానికి... నువ్వు నన్ను బతికించావు. నా కూతురైనా చెయ్యదే!"

పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆ నోటినుంచి 'తల్లీ' అన్న పిలుపు అదే మొదటిసారి. ఆ పిలుపు కోసం ఒకప్పుడు వెర్లిన్ ఎన్ని రాత్రులు ఏడ్చిందో!

"మీ కోసం ఆగలేదత్తా" అంది వెర్లిన్, పళ్లెం సర్దుతూ. "రాయి మీద మా అమ్మ పేరుంది. ఆ పేరు మీద మీ చావు పడకూడదని ఆగాను."

జెఫ్రిన్ తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వెర్లిన్ ఓదార్చలేదు, వెళ్లిపొమ్మనలేదు. అమ్మ తినేదాకా పళ్లెం మీద ఈగలు వాలకుండా విసురుతూ కూర్చుంది.