రీఫండ్ పెరిగింది

"మేడమ్, మీ చేతి చలవే చలవ! పోయిన వారం రెండు వేలన్నారు. ఇవాళ ఇరవై ఆరు వేలా?"

లిఫ్ట్ మెకానిక్ ముఖం మతాబులా వెలిగిపోతోంది. ఆ చిన్న ఆడిటర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయికి మాత్రం గుండె గుభేలుమంది.

ఏడాది చివర పన్ను రీఫండ్ ఎంత రావచ్చో అంచనా వేయడం ఆమె పని. జీతం మధ్యలో ఆగిపోతే, అప్పటిదాకా కోసిన పన్ను ఎక్కువై రీఫండ్ పెరుగుతుంది. అంతవరకూ లెక్కే. కానీ 'జీతం వచ్చే నెలలు' అన్న గడిలో ఆమె పన్నెండు కొడితే, కళ్ళముందే అది తొమ్మిదైంది. చెరిపి మళ్ళీ కొట్టింది. తొమ్మిదే.

నిరుడు ఒక డ్రాయింగ్ మాస్టారి లెక్కలో ఇలాగే పన్నెండు ఏడైంది. పాపం, రీఫండ్ చూసి ఆయన ఎంత మురిసిపోయాడో! ఎనిమిదో నెలలో కాగితాలు పట్టుకుని ఆయన భార్య ఒక్కతే వచ్చింది. ఆనాటినుంచి ఆఫీసులో ఎవరూ తమ లెక్క ఆ కంప్యూటర్‌లో వేసుకోరు. ఆడిటర్ గారితో సహా.

"ఉద్యోగం మానేస్తున్నారా?" అడిగింది.

"నేనా? ఏం, మానేస్తే మీరు పోషిస్తారా?"

"వేళాకోళం చాలించండి! ఈ వారంలో కొత్తగా ఏం చేశారు?"

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి తెల్లబోయాడు. జేబులోంచి ఒక రసీదు తీసి నెమ్మదిగా టేబుల్ మీద పెట్టాడు.

"అద్దె పడవ. జనవరి ఒకటో తారీఖు, మీ ఏప్రిల్ లెక్కలో పదో నెల. తెడ్డు నేనే వేస్తా, మనిద్దరమే. మిమ్మల్ని అడుగుదామనే లేనిపోని డౌట్లు కల్పించుకుని వస్తున్నా. నోరు పెగిలితేగా!"

బయట వాన హోరు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి, ఫ్యాన్ తిరగడం లేదు. అయినా రసీదు అంచు రెపరెపలాడింది.

ఆమె మాస్టారి సంగతంతా చెప్పింది. అతను నవ్వబోయి ఆగిపోయాడు. అప్పుడామె పళ్ళ బిగువున తన జీతం కొట్టింది. నెలలు, పన్నెండు.

పన్నెండు కాస్తా తొమ్మిదైంది.

అతను స్క్రీన్ వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "అంటే... మీరు వచ్చేవారే!"

"ప్రాణాలు పోతాయంటుంటే ఆ నవ్వేమిటి, సిగ్గులేకుండా!"

"వచ్చేవారా, కాదా?"

"వచ్చేదాన్నే! అడగడానికి ఇన్నాళ్ళా, మొద్దావతారం!" అంటూ భోరుమంది.

అతను పడవవాడికి ఫోన్ చేసి పడవ వద్దన్నాడు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వనన్నాడట. పోతే పోయిందని రసీదు చించేశాడు.

ఆమె మళ్ళీ కొట్టింది. అతనికి పన్నెండు. ఇద్దరూ చూశారు. కదల్లేదు. ఆమెకూ పన్నెండే.

"రీఫండ్ మళ్ళీ రెండు వేలకే వచ్చింది," అన్నాడతను. "దాంతో మీకేం కొనిపెట్టను?"

ఆమె అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమీ వద్దు. ఆ ఒకటో తారీఖు పొద్దున్నే మా ఇంటికొచ్చి అమ్మ ఎదురుగా కూర్చో. నాకు నీ పన్నెండు నెలలూ కావాలి. ప్రతి ఏడాదీ."